నౌక మీది ఈత కొలను: ఉప్పునీరు, మంచినీరు, మధ్యలో పన్నెండు మైళ్లు

క్రూజ్ నౌక పై డెక్కు మీదికి పొద్దున్నే ఈతకు వెళ్లిన ప్రయాణికుడికి కొలను ఖాళీగా, పైన వల బిగించి కనిపించడం అరుదైన సంగతేమీ కాదు. అడుగున కాస్త తడి, గోడల మీద నీటిమట్టం ఉండే చోట తెల్లటి ఉప్పు చార, పొడవాటి బ్రష్షుతో టైల్స్ రుద్దుతున్న సిబ్బంది ఒకరిద్దరు ఉంటారు. చూసినవారు మరమ్మతేదో జరుగుతోందనుకుంటారు. నిజానికి అక్కడ పాడైందేమీ ఉండకపోవచ్చు. కొలనులో నిన్నటిదాకా ఉన్నది సముద్రం నుంచి నేరుగా తోడిన నీరు. నౌక తీరానికి చేరువైంది కాబట్టి ఇక ఆ నీటిని తోడుకోవడానికి వీల్లేదు. అదే రేవులో పక్కనే ఆగిన మరో నౌక మీద మంచినీటి కొలను నిండా జనం ఉంటారు.

ఈ రెండు కొలనుల తేడాను ప్రయాణికులు సాధారణంగా నాలుక మీది రుచితో, కళ్ల మంటతో కొలుస్తారు. నౌకను నడిపేవారి లెక్క వేరు. నీటిలో ఉప్పు ఎంత అన్నదానికన్నా, ఆ నీరు కొలనులోకి ఎక్కడి నుంచి వస్తోంది, ఎంతసేపు నిలుస్తోంది, ఎటు పోతోంది అన్నదే వారికి ముఖ్యం. కొలను శుభ్రత, వెచ్చదనం, ఖర్చు, రోజులో అది తెరిచి ఉండే గంటలు చాలావరకు ఈ రాకపోకల మీదే ఆధారపడి ఉంటాయి.

ముందుగా తీర్చుకోవలసిన గందరగోళం ఒకటి ఉంది. ఇళ్లలోనూ హోటళ్లలోనూ ‘సాల్ట్ వాటర్ పూల్’ అని పిలిచేది, నౌక మీద సముద్రపు నీరు నింపిన కొలను ఒకటి కావు. మొదటిదానిలో లీటరుకు 3 నుంచి 4 గ్రాముల ఉప్పు మాత్రమే ఉంటుంది. ఆ ఉప్పునీటిని విద్యుత్తుతో విడగొట్టే యంత్రం అక్కడికక్కడే క్లోరిన్ తయారు చేస్తుంది. అంటే అది కూడా క్లోరిన్ కొలనే, క్లోరిన్ డబ్బాలో నుంచి కాక ఉప్పులో నుంచి వస్తుంది. సముద్రపు నీటిలో లీటరుకు సగటున 35 గ్రాముల ఉప్పు, అంటే దాదాపు పది రెట్లు ఎక్కువ ఉంటుంది. పైగా సముద్రమంతా ఒకే ఉప్పదనంతో ఉండదు. మధ్యధరా సముద్రంలో అది 38 గ్రాముల దాకా, ఎర్ర సముద్రంలో 40 గ్రాముల దాకా పోతుంది. బాల్టిక్ సముద్రంలో చాలాచోట్ల 6 నుంచి 8 గ్రాములకు మించదు. సముద్రపు నీటిని నేరుగా తోడే కొలను ఉన్న నౌక బాల్టిక్ నడిబొడ్డున ప్రయాణిస్తుంటే అందులో ఈదేవారికి అది ఉప్పునీటి కొలనని అంత గట్టిగా తెలియదు.

నౌకల మీద ఈత కొలనులు మొదలైనప్పుడు ఈ ఎంపికే లేదు. 1907లో ప్రయాణాలు మొదలుపెట్టిన అడ్రియాటిక్, 1911 నాటి ఒలింపిక్, 1912 నాటి టైటానిక్ నౌకల్లో కొలనులు నౌక లోపలే ఉండేవి. టైటానిక్ కొలనులో నింపింది వేడి చేసిన సముద్రపు నీరే. ఆ కాలంలో మంచినీరు తాగడానికి, వంటకు, బాయిలర్లకు కావలసిన విలువైన సరుకు; దాన్ని ఈతకు వాడడమన్నది ఆలోచనకే రాని సంగతి. చుట్టూ ఉన్న నీటిని పంపుతో పైకి తోడుకోవడమే సహజమైన దారి. ఆ అలవాటు తర్వాతి తరం నౌకల్లోనూ చాలాకాలం కొనసాగింది.

ఆ పాత పద్ధతిని నేటి పరిభాషలో ప్రవాహ పద్ధతి అనవచ్చు. నౌక అడుగుభాగంలో, నీటిమట్టానికి కింద ఉన్న తూము నుంచి పంపు నీటిని తోడి కొలనులోకి పంపుతుంది. అంతే నీరు అంచుల మీదుగా పొర్లి తిరిగి సముద్రంలో కలుస్తుంది. వడపోత ఉండదు, క్రిమిసంహారక మందు కలపడం ఉండదు, నీరు ఎప్పటికప్పుడు మారిపోతూనే ఉంటుంది. లోతైన సముద్రంలో నౌక నడుస్తున్నంతసేపు ఇది చక్కటి ఏర్పాటు. ఈతగాళ్ల చెమట, ఒంటికి రాసుకున్న క్రీములు కొలనులో నిలవ ఉండే ప్రసక్తి తక్కువ. నీరు తోడే తూమును, నౌకలోని వాడిన నీరు బయటికి పోయే తూములన్నిటికన్నా ముందువైపు పెడతారు. నౌక ముందుకు సాగుతున్నప్పుడు వదిలిన నీరు వెనక్కి పోతుంది, తోడుకునే నీరు కొత్తది అవుతుంది. నౌక ఆగిపోతే ఈ లెక్క తప్పుతుంది. నిలిచి ఉన్న నౌక చుట్టూ దాని నీరే తిరుగుతూ ఉంటుంది.

అందుకే ప్రవాహ పద్ధతికి నడక ఒక షరతు, దూరం ఇంకో షరతు. అమెరికా రేవులకు విదేశీ ప్రయాణాల మీద వచ్చే, 13 మంది లేదా అంతకన్నా ఎక్కువ ప్రయాణికులను మోసే నౌకలను ఆ దేశపు వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 1970ల నుంచి వెసెల్ శానిటేషన్ ప్రోగ్రామ్ కింద తనిఖీ చేస్తోంది. ఆ నిబంధనల ప్రకారం సముద్రపు నీటిని నేరుగా కొలనులోకి తోడే పద్ధతి నౌక నడుస్తున్నప్పుడే పనికొస్తుంది. సమీప తీరానికి ఇంకా 12 మైళ్లు ఉందనగానే ఆ తూము మూసేయాలి. ఆపైన రెండే దారులు: కొలను ఖాళీ చేయడం, లేదా లోపలున్న నీటినే వడపోసి, క్రిమిసంహారకం కలిపి తిప్పుతూ ఉండడం. సముద్ర కాలుష్యంపై ఉన్న మార్పోల్ ఒప్పందం కూడా శుద్ధి చేయని మురుగును తీరానికి 12 నాటికల్ మైళ్లు దాటాకే వదలనిస్తుంది. ఒకటి ఈతగాళ్ల కోసం, ఇంకొకటి తీరం కోసం పెట్టిన నియమం. రెండూ తీరపు నీటికీ నడిసముద్రపు నీటికీ మధ్య గీతను ఇంచుమించు ఒకేచోట గీశాయి. రేవుల్లో, నదీ ముఖద్వారాల్లో పట్టణాల మురుగు, ఇతర నౌకల చమురు, వెచ్చటి లోతులేని నీటిలో పెరిగే సూక్ష్మజీవులు ఉంటాయి. అటువంటి నీటిని వడపోయకుండా పిల్లలు ఈదే కొలనులోకి తోడడం ఎవరికీ ఆమోదయోగ్యం కాదు.

ఖాళీ చేయడం ఇష్టం లేని నౌకలు సముద్రపు నీటినే లోపల తిప్పుకుంటాయి; దీన్ని తిప్పుడు పద్ధతి అనవచ్చు. ఇక్కడ రసాయన శాస్త్రం ఊహించని మలుపు తిరుగుతుంది. సముద్రపు నీటిలో మామూలు ఉప్పుతోపాటు లీటరుకు సుమారు 65 మిల్లీగ్రాముల బ్రోమైడ్ కూడా ఉంటుంది. అందులో క్లోరిన్ వేస్తే అది వెంటనే బ్రోమైడ్‌తో కలబడి దాన్ని బ్రోమిన్ రూపంలోకి మారుస్తుంది. డబ్బా మీద క్లోరిన్ అని రాసి ఉన్నా, కొలనులో క్రిములను చంపుతున్నది ఎక్కువగా బ్రోమినే. ఇందులో ఒక లాభం ఉంది. సముద్రపు నీటి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) సుమారు 8.1, ఆ స్థాయిలో క్లోరిన్‌లో చురుగ్గా పనిచేసే భాగం ఐదో వంతుకు పడిపోతుంది, బ్రోమిన్‌లో మాత్రం ఐదింట నాలుగు వంతుల దాకా చురుగ్గానే నిలుస్తుంది. అంటే ఉప్పునీరు తనకు సరిపడిన మందును తానే తయారు చేసుకుంటుంది. నష్టమూ ఉంది. ఆరుబయట మంచినీటి కొలనుల్లో క్లోరిన్ ఎండకు త్వరగా విరిగిపోకుండా సయనూరిక్ ఆమ్లం కలిపే పద్ధతి ఒకటుంది. అది బ్రోమిన్‌ను కాపాడలేదు. అందువల్ల మండుటెండలో పై డెక్కు మీది ఉప్పునీటి కొలను మందును గంటగంటకూ తాగేస్తుంది. చెమట, చర్మపు మురికితో బ్రోమిన్ కలిస్తే బ్రోమోఫార్మ్ వంటి ఉపపదార్థాలు కూడా ఏర్పడతాయి. నీటిని ఎప్పటికప్పుడు మార్చే ప్రవాహ పద్ధతిలో ఇవి పేరుకోవు. తిప్పుడు పద్ధతిలో పేరుకుంటాయి కాబట్టి కొంత నీటిని తరచుగా పారబోసి కొత్తది చేర్చాలి.

కొలనులో మందు పాళ్లు పరీక్షించే మనిషిని చూస్తే నీటి స్వభావం ఇంకా బాగా అర్థమవుతుంది. చిన్న గాజు గొట్టంలో కొలను నీరు పట్టి, మాత్ర ఒకటి వేసి ఊపితే నీరు గులాబీ రంగుకు తిరుగుతుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే మందు అంత ఎక్కువ. ఆ మాత్ర క్లోరిన్‌కూ బ్రోమిన్‌కూ ఒకే గులాబీ రంగు ఇస్తుంది. చదివే అంకె మాత్రం ఒకటి కాదు. క్లోరిన్ లెక్కలో వచ్చిన అంకెను బ్రోమిన్‌గా చెప్పాలంటే 2.25తో హెచ్చించాలి. అమెరికా నిబంధనలు ఈత కొలనులో క్లోరిన్ 1 నుంచి 5 పీపీఎం (పది లక్షల భాగాల నీటిలో అన్ని భాగాలు) మధ్య, పీహెచ్ 7.0 నుంచి 7.8 మధ్య ఉండాలంటాయి. సముద్రపు నీటిని తిప్పి వాడేటప్పుడు పీహెచ్‌ను 8.1 నుంచి కిందికి దించాలి. సముద్రపు నీరు సహజంగానే ఈ మార్పును అడ్డుకునే గుణం కలది గనుక ఆమ్లం బాగానే ఖర్చవుతుంది.

ఇక మంచినీటి సంగతి. నౌక మీద మంచినీరు మూడు దారుల్లో వస్తుంది: రేవులో నింపుకున్నది, ఇంజిన్ల వేడితో సముద్రపు నీటిని ఆవిరి చేసి పట్టినది, పొరల గుండా అధిక పీడనంతో నెట్టి ఉప్పును వేరు చేసినది. ఆవిరి యంత్రాల్లో గాలి పీడనం తగ్గించి ఉంచుతారు కాబట్టి నీరు 100 డిగ్రీలకు చాలా ముందే మరుగుతుంది. ఎటూ వృథాగా పోయే ఇంజిన్ వేడి అందుకు సరిపోతుంది. పొరలతో ఉప్పును వేరు చేసే రివర్స్ ఆస్మాసిస్ యంత్రాలు వాతావరణ పీడనానికి 50 రెట్లకు పైగా ఒత్తిడితో నీటిని నెడతాయి. వెయ్యి లీటర్లకు సుమారు 3 నుంచి 4 యూనిట్ల విద్యుత్తు తీసుకుంటాయి.

మంచినీటి కొలను దుబారా అన్న మాట తరచుగా వినిపిస్తుంది గనుక లెక్క వేసి చూడడం మేలు. 10 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు, ఒకటిన్నర మీటర్ల లోతు ఉన్న కొలనులో 75 టన్నుల నీరు పడుతుంది. యూనిట్ల లెక్కన దాన్ని ఒకసారి నింపడానికి దాదాపు 300 యూనిట్లు చాలు. మూడు వేల మంది ఉన్న నౌకలో మనిషికి రోజుకు 250 లీటర్లు ఖర్చవుతాయనుకుంటే రోజువారీ వాడకం 750 టన్నులు. కొలను నిండడానికి పట్టేది అందులో పదో వంతు. నింపిన నీరు వడపోతల గుండా తిరుగుతూ రోజుల తరబడి ఉంటుంది. ఆవిరయ్యేది, చిందేది, ఫిల్టర్లు కడగడానికి పోయేది మాత్రమే చేర్చాలి. మంచినీరు కొలనుకు భరించలేని విలాసమన్న వాదన ఒకప్పటి యంత్రాల కాలానికి చెల్లింది. నేటి నౌకకు అది వర్తించదు.

అసలు ఖర్చు వేడిలో ఉంది. అదే 75 టన్నుల నీటిని వేసవి అలాస్కా తీరపు 12 డిగ్రీల నుంచి ఈతకు హాయిగా ఉండే 28 డిగ్రీలకు తేవాలంటే సుమారు 1,400 యూనిట్ల వేడి కావాలి. నీటిని తయారు చేయడానికి పట్టినదానికి అది నాలుగు రెట్లకు పైనే. తిప్పుడు పద్ధతిలో ఆ వేడిని ఒకసారి ఎక్కిస్తే తర్వాత చల్లారినంత మాత్రమే పూడ్చాలి. ఇంజిన్లను చల్లబరిచిన నీటి నుంచి ఆ వేడిని చాలావరకు ఉచితంగానే తీసుకోవచ్చు. ప్రవాహ పద్ధతిలో మాత్రం ఎక్కించిన వేడంతా అంచు దాటి సముద్రంలోకి పోతుంది. కాబట్టి నేరుగా తోడిన సముద్రపు నీటి కొలను కరీబియన్ వంటి 26 నుంచి 29 డిగ్రీల జలాల్లో సుఖంగా ఉంటుంది, చల్లటి జలాల్లో అలంకారంగా మిగిలిపోతుంది. ఉత్తర జలాల్లో తిరిగే నౌకలు జరిపే గాజు పైకప్పు కింద వెచ్చటి కొలను పెట్టుకున్నాయంటే అందులోని నీరు తిరుగుతున్న నీరే అయి ఉంటుంది.

ఉప్పునీటికి ఎదురులేని సందర్భం ఒకటుంది, అది గాలివాన. నౌకలో చాలా ఎత్తున, పై డెక్కు మీద ఉన్న 75 టన్నుల నీరు కదలని బరువైతే ఇబ్బంది తక్కువ. కానీ అది ఊగుతుంది. 10 మీటర్ల కొలనులో ఒక అల ఈ గోడ నుంచి ఆ గోడకు వెళ్లి తిరిగి రావడానికి సుమారు 5 సెకన్లు పడుతుంది. నౌక ముందుకూ వెనక్కూ ఎగిరిపడే లయ ఆ 5 సెకన్లకు దగ్గరైనకొద్దీ ప్రతి ఊపూ ముందటి ఊపుకు తోడవుతుంది. నీరు గోడలెక్కి డెక్కు మీదికి దూకుతుంది. అందులో ఉన్న మనిషిని అంచుకేసి కొట్టగలదు. అందుకే సముద్రం పొంగుతుందన్న సూచన రాగానే కొలను మూసి, వల కట్టి, నీటిమట్టం తగ్గిస్తారు లేదా పూర్తిగా వదిలేస్తారు. సముద్రపు నీటి కొలనుకు ఇది చిన్న పని: వదిలేసి, అల తగ్గాక మళ్లీ తోడుకుంటారు. మంచినీటి కొలనులో శుద్ధి చేసి, వెచ్చచేసి, మందు కలిపిన నీటిని వదులుకోవాలి, లేదా కింద దాచుకోవడానికి ట్యాంకు ఉండాలి. అలా వదిలే నీటిలో మందు మిగిలి ఉంటుంది కాబట్టి కొన్ని జలాల్లో ముందు దాన్ని తటస్థం చేయాలన్న నియమాలూ ఉన్నాయి.

నౌక నిర్మాతల బాధ లోహాలతో. ఉప్పులోని క్లోరైడ్ స్టెయిన్‌లెస్ స్టీలును పైపైన తినదు, సన్నటి గుంటలు చేసి లోపలికి దిగుతుంది. మామూలు 304 రకం ఉక్కు ఉప్పునీటిలో నిలవదు. 316 రకం కొంత మెరుగు, నిలిచిన వెచ్చటి ఉప్పునీటిలో దానికీ గుంటలు పడతాయి. వేడి మార్చే పరికరాలకు టైటానియం, గొట్టాలకు ప్లాస్టిక్ లేదా రాగి, నికెల్ మిశ్రమం వాడవలసి వస్తుంది. చిందిన ఉప్పునీరు ఎండిపోయి దీపాల బిగింపుల్లో, కుర్చీల కీళ్లలో పేరుకుంటుంది. ఏళ్ల తరబడి చూస్తే నీటి తయారీలో మిగిల్చుకున్న డబ్బు ఈ మరమ్మతుల్లో పోయే అవకాశం తక్కువేమీ కాదు.

ఆరోగ్యం విషయంలో ‘సముద్రపు నీరు సహజమైనది కాబట్టి మంచిది’, ‘మంచినీరు శుద్ధి చేసింది కాబట్టి క్షేమం’ అన్న రెండు నమ్మకాలూ ప్రచారంలో ఉన్నాయి. రెండూ నిలవవు. 1994లో ఒక క్రూజ్ నౌక మీద, తొమ్మిది ప్రయాణాల్లో కలిపి 50 మంది ప్రయాణికులకు లెజియోనేర్స్ వ్యాధి (లెజియోనెల్లా అనే బాక్టీరియా వల్ల వచ్చే తీవ్రమైన న్యుమోనియా) సోకినట్టు పరిశోధకులు గుర్తించారు. దాని మూలం నీరు సుడులు తిరిగే వేడినీటి తొట్టి. ఆ తొట్టికి అమర్చిన ఇసుక ఫిల్టరులో ఆ బాక్టీరియా దొరికింది. తొట్టి నీటిలో ఎంత ఎక్కువసేపు గడిపితే ప్రమాదం అంత ఎక్కువగా కనిపించింది, నీటిలో దిగకుండా పక్కన గడిపినవారిలోనూ ప్రమాదం పెరిగింది. వెచ్చటి తొట్టిలో బుడగలు పగిలినప్పుడు లేచే తుంపరను పీల్చడమే కారణం. లెజియోనెల్లా ప్రధానంగా మంచినీటి జీవి, 25 నుంచి 45 డిగ్రీల వెచ్చదనంలో బాగా పెరుగుతుంది. ఈత కొలనుకు 1 నుంచి 5 పీపీఎం చాలన్న నిబంధనలే వేడినీటి తొట్టికి 3 నుంచి 10 పీపీఎం క్లోరిన్ అడగడానికి ఈ అనుభవాలే నేపథ్యం; నీటి వేడి 40 డిగ్రీలు మించకూడదన్నది మాత్రం ఒళ్లు అతిగా వేడెక్కకుండా పెట్టిన హద్దు. పిల్లల కొలనులకు వచ్చే ముప్పు వేరు: క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి మామూలు మోతాదు క్లోరిన్‌లో రోజుల తరబడి బతుకుతుంది. డైపర్ వేసుకునే వయసు పిల్లలను పెద్ద కొలనులోకి రానివ్వని బోర్డు చూసి చిన్నబుచ్చుకునే తల్లిదండ్రులు చాలామంది. కానీ ఆ బోర్డు అక్కడ ఉండడం ఎంతో అవసరం. చిన్నపిల్లలకోసమే కట్టిన కొలనుల్లో నీటిని చాలా వేగంగా వడపోసి, అతినీలలోహిత కాంతి గుండా పంపే ఏర్పాటు ఉంటుంది. అది తిప్పుడు పద్ధతిలోనే సాధ్యం.

ఈదేవారి అనుభవానికి వస్తే, సముద్రపు నీరు మంచినీటికన్నా రెండున్నర శాతం బరువైనది. చిన్న తేడాగా కనిపిస్తుంది గానీ, మనిషి శరీర సాంద్రత దాదాపు నీటి సాంద్రతే కాబట్టి మునగడమా తేలడమా అన్నది ఆ రెండున్నర శాతంలోనే తేలిపోతుంది. ఈత సరిగా రానివారు ఉప్పునీటిలో వెల్లకిలా తేలగలగడానికి కారణం ఇదే. కళ్ల సంగతి కొంచెం విచిత్రం. కన్నీటిలో ఉప్పు సుమారు 0.9 శాతం, మంచినీరు అంతకన్నా పలచన, సముద్రపు నీరు దాదాపు నాలుగు రెట్లు చిక్కన. రెండూ కంటికి పడవు. మంచినీటి కొలనులో కళ్లు మండడానికి ఇంకో కారణం చెమట, మూత్రంతో క్లోరిన్ కలిసి ఏర్పడే క్లోరమైన్లు. ‘క్లోరిన్ వాసన’ అని అందరూ అనేది చాలావరకు వాటి వాసనే. కొలనులో దిగేముందు ఒళ్లు కడుక్కుంటే అది గణనీయంగా తగ్గుతుంది. ఉప్పునీటి నుంచి బయటికొచ్చాక ఒళ్లు కడుక్కోకపోతే ఎండలో ఉప్పు పలుకులు చర్మం మీద గీసుకుంటాయి.

కొత్త నౌకల్లో జారుడు గొట్టాలు, నీటి ఫౌంటెన్లు, చిన్నపిల్లల తడి ఆటస్థలాలు పెరిగేకొద్దీ మంచినీటి వైపు మొగ్గు పెరగడం సహజం. సన్నటి నాజిళ్ల గుండా ఉప్పునీటిని చిమ్మిస్తే అవి పూడుకుపోతాయి, తుంపర పడిన ప్రతి చోటా ఉప్పు పూత మిగులుతుంది. ఒకే నౌకలో పెద్ద కొలనులో సముద్రపు నీరు, వేడినీటి తొట్టెల్లో మంచినీరు ఉండడమూ మామూలే. కాబట్టి ఏ కంపెనీ ఏ నీరు వాడుతుందని అడగడం కన్నా ఆ నౌక ఏ దారిలో వెళుతోందో చూడడం ప్రయాణికుడికి ఎక్కువ పనికొస్తుంది. రోజుకో రేవు తాకే ప్రయాణంలో ప్రవాహ పద్ధతి కొలనుకు సమయం మిగలదు. సాయంత్రం రేవు వదిలిన నౌక గంటకు 18 నాటికల్ మైళ్ల వేగంతో పోతే 12 మైళ్లు దాటడానికి 40 నిమిషాలు పడుతుంది. తర్వాత గంటకు 25 టన్నులు తోడే పంపు 75 టన్నుల కొలనును నింపడానికి మూడు గంటలు తీసుకుంటుంది. అప్పటికి రాత్రి అవుతుంది, తెల్లవారుజామున మళ్లీ తూము మూయాలి. అదే కొలను మహాసముద్రం దాటే ప్రయాణంలో రోజుల తరబడి నిండుగా, తాజాగా ఉంటుంది. దాని చల్లదనం కూడా దారిని బట్టే మారుతుంది: అట్లాంటిక్‌లో గల్ఫ్ స్ట్రీమ్ వెచ్చటి ప్రవాహం దాటి ఉత్తరానికి సాగిన నౌకలో, నిన్న హాయిగా ఈదిన ప్రయాణికుడు ఇవాళ కాలు పెట్టగానే వెనక్కి తీసుకుంటాడు.